దేవుడి ముందు రెండు చీటీలు

2017 జనవరిలో నాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు. పన్నెండో రోజు పొద్దున డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి, గొంతు దగ్గర హోల్ చేసి ఇంకొన్నాళ్ళు చూద్దామా, లేక కొత్తగా ఏమీ చెయ్యకుండా ఇక్కడితో ఆపుదామా, ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి అన్నారు. ఇంట్లో అందరూ అంటే ఎవరు, అమ్మ, నేను, దుబాయ్ నుంచి ఫోన్లో ఏడుస్తున్న చెల్లి. ఐసీయూ బయట ఇనుప కుర్చీల్లో కూర్చుని జేబులో ఉన్న మందుల బిల్లు తీసి రెండు ముక్కలు చింపి, ఒకదాని మీద "చేద్దాం" అని, ఇంకోదాని మీద "వద్దు" అని రాసి మడత పెడుతున్నా, అమ్మ చూసేసింది. ఏమీ అనకుండా నా చేతిలోంచి రెండూ తీసుకుని కొంగు చివర ముడేసుకుంది. "నీతోని ఒక్కసారి తీయించిన, సాలు బిడ్డా" అంది.

అప్పటికి ఇరవై మూడేళ్ళ కిందటి మాట అది. అమ్మకి అంత గుర్తుందని నాకు ఆ రోజు దాకా తెలీదు.

నాన్న విషయంలో మేము ఆపమనే చెప్పాం, రెండో రోజు రాత్రి పోయారు. అది రైటా తప్పా అని నేను ఇప్పటికీ మధ్యరాత్రి లేచి కూర్చుంటా. అమ్మ మాత్రం ఎలా నిలబడిందో, ఆ ధైర్యం ఎక్కడ నేర్చుకుందో నాకు కొంచెం తెలుసు, అది రాద్దామనే ఇవ్వాళ కూర్చున్నా.

అప్పుడు మేము హైదరాబాద్ చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. త్యాగరాయ గానసభ వెనకాల గల్లీలో ఒక పాత కాంపౌండు, నాలుగు పోర్షన్లు, మధ్యలో సిమెంటు వాకిలి, వాకిలికి ఒక మూల జామచెట్టు, ఇంకో మూల అందరికీ కలిపి ఒకటే నల్లా. నల్లా తెల్లారుజామున వచ్చేది, నాలుగిళ్ళ ఆడవాళ్ళూ బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ఎవరింట్లో ఏం జరిగినా అక్కడే బయటపడేది. సాయంత్రం ఐదింటికి సుధా హోటల్ వైపు నుంచి ఫిల్టర్ కాఫీ వాసన గాలిలో వచ్చేది, నిజంగా అంత దూరం వచ్చేదా లేక మాకే అనిపించేదా అంటే చెప్పలేను గానీ ఇప్పుడు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ లో కొత్త సినిమా పడితే మొదటి ఆట ఈలలు మా వాకిట్లోకి వినపడేవి. నాన్న ఒక సర్కారు ఆఫీసులో అకౌంట్స్ క్లర్కు, చొక్కా జేబులో ఎర్ర పెన్నూ నల్ల పెన్నూ పక్కపక్కన ఉండేవి.

మా పక్క పోర్షన్ లో చిన్నమ్మ వాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు, అమ్మని అక్కా అనేది కాబట్టి మాకు చిన్నమ్మ. చిన్నాయన ఆటో నడిపేవాడు, నారాయణగూడ స్టాండు. పొద్దున పూట అంత మంచి మనిషి ఇంకొకరు ఉండరు, మమ్మల్ని నలుగురైదుగురు పిల్లల్ని ఆటోలో కుక్కి స్కూల్ దగ్గర దింపి పైసా తీసుకునేవాడు కాదు. రాత్రి అయితే వేరే మనిషి. సారా ప్యాకెట్ల రోజులవి. ఒకసారి పోర్షన్ల మధ్య ఉన్న తలుపు సందులోంచి, ఆయన స్టీలు గిన్నె ఎత్తి చిన్నమ్మ నెత్తిన కొట్టడం నేను చూశా. ఎవరికీ చెప్పలేదు.

చిన్నమ్మకి కామెర్లు ముదిరి 1991లో పోయింది. పోయే నెల ముందు ఒక మధ్యాహ్నం అమ్మ దగ్గరకొచ్చి, ఎర్ర జాకెట్ గుడ్డలో చుట్టిన మూట ఇచ్చింది. రెండు గాజులు, మెడలో వేసుకునే ఒక నాను, కమ్మలు, అన్నీ కలిపి నాలుగు తులాలు. వాళ్ళ పుట్టింటి వాళ్ళు పెట్టినవి. "మా చిట్టి పెండ్లి దాక నీ దగ్గర పెట్టు అక్కా, ఆయనకు తెలిస్తే ఒక్కటి మిగలదు, ఎవ్వలికీ చెప్పనని దేవుని ముందల మాటియ్యి" అంటే, అమ్మ మా దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం మీద చెయ్యేసి మాటిచ్చింది. ఆ మూట బోర్న్‌వీటా డబ్బాలో, డబ్బా బియ్యం డ్రమ్ములో అడుగున. నాన్నకీ నాయనమ్మకీ మాత్రం చెప్పింది. నాకు చెప్పలేదు, కానీ అదే గదిలో బొమ్మలు గీసుకుంటూ నేను అంతా విన్నా.

1993లో బతుకమ్మ రోజులు. ఆ నెల మొదటి తారీఖు నుంచే సారా బంద్ అయింది, కానీ తాగేవాడికి మందు దొరక్కపోతుందా. వాకిట్లో మా నాయనమ్మ తంగేడు పూలు పేరుస్తుంటే స్టాండు నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు, చిన్నాయన ఆటో లారీ కింద పడిందని. ప్రాణం పోలేదు. కుడికాలు మోకాలి కింద ఎముక బయటికి వచ్చింది. సర్కారు దవాఖానలో ఆపరేషన్ ఫ్రీ, కానీ రాడ్డూ స్క్రూలూ కొన్ని మందులూ బయట కొనుక్కు రావాలి, మూడు రోజుల్లో చెయ్యకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు. ఏడెనిమిది వేల పని. ఆటో అద్దెది, చేతిలో రూపాయి లేదు, అప్పు ఇచ్చేవాళ్ళు ఎప్పుడో ఇవ్వడం మానేశారు. చిట్టికి అప్పుడు పదకొండు, నా కంటే ఒక్క ఏడాది పెద్ద. మా ఇంట్లోనే పడుకుంది ఆ మూడు రోజులూ.

తులం అప్పట్లో నాలుగు వేల చిల్లర. అంటే డ్రమ్ములో చిన్నాయన కాలు ఉన్నట్టే. కానీ ఎవరికైతే ఇవ్వొద్దని చిన్నమ్మ చివరి మాట తీసుకుందో సరిగ్గా ఆయనకే ఇవ్వాలి.

నాన్న ఒకటే మాట, ఇంకొకళ్ళ సొమ్ము మన చేతిలో ఉన్నప్పుడు మన జాలి, మన దయ దాని మీద ఖర్చు పెట్టకూడదు, పెట్టాలంటే మన సొమ్ము పెట్టాలి అని. మన సొమ్ము ఏముంది, అమ్మ పుస్తెలు, అవి అంతకు ముందే మేనత్త పెళ్ళికి తాకట్టులో ఉన్నాయి. నాన్నది కఠినం అనుకునేవాడిని చాన్నాళ్ళు. ఇప్పుడు అనుకోను. రోజూ జనం డబ్బులు లెక్కపెట్టి సాయంత్రానికి పైసాతో సహా అప్పజెప్పే మనిషికి ఆ గీత ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

నాయనమ్మ అంది, "మనం కొట్లాడుడెందుకు, చీటీలేద్దాం, స్వామి ఏది చెప్తే గది". మా ఇంట్లో ఇది కొత్త కాదు. మేనత్త సంబంధం రెండిట్లో ఏదీ అన్నప్పుడూ చీటీలే, ఊళ్ళో చెలక అమ్మాలా వద్దా అన్నప్పుడూ చీటీలే. స్నానం చేసి, దీపం పెట్టి, చీటీలు స్వామి పాదాల దగ్గర పెట్టి, మంచీ చెడూ తెలియని చిన్నపిల్లలతో తీయించాలి, అది లెక్క. చిట్టితో తీయించలేరు, చెల్లికి జ్వరం, కాబట్టి నేను.

ఆ రాత్రి నాకు ఇప్పుడు కూడా కళ్ళ ముందే ఉంది. కరెంటు ఉన్నా నాయనమ్మ లైటు ఆర్పించింది, నువ్వుల నూనె దీపం ఒక్కటే. అమ్మ గోడ మీది డైలీ క్యాలెండర్ లోంచి ఆదివారం కాగితం చింపింది, ఆదివారం కాబట్టి తారీఖు ఎర్ర రంగులో పెద్దగా ఉంటుంది. దాన్ని రెండు ముక్కలు చేస్తే ఎర్ర అంకె ఒక ముక్కలోకే వచ్చింది. ఆ ముక్క వెనకాల "ఉంచు" అని రాసింది. తెల్లగా ఉన్న ముక్క మీద "ఇయ్యి". రెండూ నాలుగు మడతలు పెట్టి కుంకుమ రాసి పాదాల దగ్గర పెట్టింది. మడతల్లోంచి ఎర్ర రంగు ఒక సన్నటి అంచులా కనిపిస్తోంది. పెద్దవాళ్ళు ఎవరూ చూడలేదు, దీపం వెలుతురులో కుంకుమ ఎరుపులో కలిసిపోయింది. నేను చూశా. రాస్తున్నప్పుడు అమ్మ భుజం మీంచి చదివా కూడా.

నాయనమ్మ "గోవిందా అనుకుంట తియ్యి" అంది. నేను గోవిందా అని ఎర్ర అంచుదే తీశా.

స్టీలు గిన్నె గుర్తుకొచ్చింది, అంతే. చిన్నమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. ఆ గాజులు చిట్టివి, ఆయనకెందుకు. పదేళ్ళ వయసులో నాకు అదే న్యాయం. కానీ కాగితం అమ్మ విప్పి చదివాక అమ్మ మొహం చూశా, నాయనమ్మ "అయిపాయె, స్వామి చెప్పిండు" అని లేచి వెళ్ళిపోయింది, అమ్మ మాత్రం అక్కడే కూర్చుని దీపం కొండెక్కే దాకా కదల్లేదు. పక్క గదిలో చిట్టి పడుకుని ఉంది, నిద్రపోయిందో లేదో తెలీదు, దుప్పటి ముసుగు.

నాకు నిద్ర పట్టలేదు. దేవుడు చెప్పాల్సిన చోట నేను చెప్పేశా అన్న భయం, కడుపులో ఒక రాయిలా. నల్లా టైముకి అమ్మ లేస్తే నేనూ వెనకాలే వెళ్ళా. ఇంకా చీకటి, వాకిట్లో ముందురోజు బతుకమ్మ పూలు వాడిపోయి పడున్నాయి, వేరే పోర్షన్ల వాళ్ళు ఇంకా రాలేదు. బిందె నిండుతుండగా చెప్పేశా, ఎర్రగా కనపడింది అమ్మా, తెలిసే తీశా అని.

తిడుతుందనుకున్నా. బిందె నిండి పొర్లిపోతున్నా అమ్మ నల్లా కట్టలేదు. "ఎందుకు ఉంచు తీసినవ్?" అని మాత్రం అడిగింది. గిన్నె సంగతి చెప్పా. నేను చూశానని అమ్మకి తెలీదు. కాసేపటికి నా తల దగ్గరకి లాక్కుని, తడి చేతులతోనే, "తప్పు నాది బిడ్డా. నా బరువు తీస్కపోయి స్వామి పేరు చెప్పి నీ చిన్న చేతిల పెట్టిన" అంది. అమ్మ ఏడవడం నేను చూసింది బహుశా అదే మొదలు.

మళ్ళీ చీటీలు వేద్దామని నాయనమ్మ అంటే అమ్మ వద్దంది. నాయనమ్మ నమ్మకం మీద నాకు ఇప్పటికీ గౌరవమే, ఆవిడ మనసులో ఏ మోసం లేదు, ఏ ఫలితం వచ్చినా తలవంచేది. కానీ అమ్మకి ఆ దారి ఆ తెల్లారి మూసుకుపోయింది.

మేడ మీది గదిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండేవారు, ఒక్కరే, రోజూ పొద్దున గీత చదువుకునేవారు. పేర్లు చెప్పకుండా, ఇలా ఇద్దరు మనుషుల మధ్య ఒక మాట చిక్కుకుంది సార్, ఏం చెయ్యాలి అని అమ్మ వెళ్ళి అడిగింది, నేను మెట్ల మీద కూర్చున్నా. ఆయన చెయ్యమనో వద్దనో చెప్పలేదు. అర్జునుడిది కూడా ఇదే అవస్థ అమ్మా, రెండో అధ్యాయం 7వ శ్లోకంలో ఏది ధర్మమో నాకు తోచట్లేదు, నీ శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అని కృష్ణుడి కాళ్ళ మీద పడతాడు, మొత్తం గీత ఆ ఒక్క అడగడం వల్లే పుట్టింది అన్నారు. మరి కృష్ణుడు ఏం చెప్పిండు సార్ అంటే, చాలా చెప్పాడు, గీత మొత్తం 700 శ్లోకాలు, కానీ చివర్లో 18వ అధ్యాయం 63వ శ్లోకంలో, అంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు అన్నారు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "గంత చెప్పి మళ్ల నీ ఇష్టమే అన్నడా" అంది నెమ్మదిగా. మాస్టారు, ఆ తర్వాత ఇంకో మాట కూడా ఉంది, నన్నే శరణు పట్టుకో, దుఃఖపడకు, పాపాల్లోంచి నేను తీసుకొస్తాను అని, అది కూడా చెప్పాడు, కానీ నీ బదులు బాణం నేను వేస్తానని మాత్రం అనలేదమ్మా అన్నారు. ఆ మాట నేను అప్పుడు అర్థం కాకుండానే గుర్తు పెట్టుకున్నా.

ఆ మధ్యాహ్నం నాన్న ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. మళ్ళీ అదే వాదన. నాన్నకి రామదాసు కథ అంటే ప్రాణం, గోల్కొండకి మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడల్లా మిగతా కోట కంటే ఆ జైలు గది దగ్గరే ఎక్కువసేపు నిలబడేవారు, ఆ చీకటి గదిలో గోడ మీద చెక్కిన రాముడూ హనుమంతుడూ బొమ్మలు తడిమి చూసేవారు. కంచర్ల గోపన్న తహసీల్దారు, తానీషా ఖజానాకి చేరాల్సిన శిస్తు పైసలతో భద్రాచలంలో గుడి కట్టాడు. పైసల లెక్క రాసే మనిషిగా నాన్నకి అది ఎప్పుడూ తెగని ప్రశ్న, భక్తుడే గానీ సొమ్ము సర్కారుది కదా అని. ఆ రోజు కూడా అదే అన్నారు, రామదాసు అంతటి వాడికే జైలు తప్పలేదు, పరాయి సొమ్ము అంటే అదీ అని.

అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది. "ఔ, తప్పలే. ఖర్చు వెట్టినోడు పారిపోలే గద, పన్నెండేండ్లు గా చీకట్ల కూసున్నడు. నేను గూడ కూసుంట."

నాన్న ఇంకేం మాట్లాడలేదు.

సాయంత్రం చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం, నేనూ అమ్మా. శనివారం కాదు, పెద్దగా జనం లేరు. అమ్మ మామూలుగా ఐదు నిమిషాల్లో దండం పెట్టుకుని తీర్థం తీసుకుని వచ్చే మనిషి, ఆ రోజు ధ్వజస్తంభం పక్కన కింద కూర్చుండిపోయింది, కళ్ళు మూసుకోలేదు, తెరిచే స్వామి వైపు చూస్తూ. పెదాలు కదులుతున్నాయి. దగ్గరకెళ్ళి విన్నా. చిన్నమ్మ పేరు చెప్తోంది, మాటిచ్చిన రోజు సంగతి చెప్తోంది, చిన్నాయన మీద తనకి కోపం ఉందని చెప్తోంది, కాలు పోతే ఆ పిల్లని నేనే సాకాలేమో అని భయంగా ఉంది అని కూడా చెప్తోంది. మన పక్కింటి పెద్దావిడకి చెప్పుకున్నట్టు, ఏదీ దాచకుండా. ఇయ్యమంటవా వద్దంటవా అని ఒక్కసారి కూడా అడగలేదు. చివర్లో మాత్రం "నేను తప్పు చేస్తె నా చెయ్యి వట్టుకో, ఇడువకు" అంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో ఎన్నో గుళ్ళు తిరిగా, ఎందరి ప్రార్థనలో విన్నా, నాకు వచ్చిన ప్రార్థన మాత్రం అదొక్కటే.

మూడో రోజు పొద్దున అమ్మ రెండు గాజులు తీసి, నానూ కమ్మలూ డబ్బాలోనే ఉంచి, నాన్నని తోడు రమ్మంది. వద్దన్న మనిషే చొక్కా వేసుకుని వెళ్ళారు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ లో అమ్మేశారు. డబ్బు చిన్నాయన చేతికి ఇవ్వలేదు, నేరుగా సర్జికల్ షాపుకెళ్ళి రాడ్డూ స్క్రూలూ కొని దవాఖానలో ఇచ్చారు. ఎక్కడివి అని ఆయన అడిగితే చిట్టీ ఎత్తినం అని అబద్ధం చెప్పింది. చిట్టిని ఒక మాట అడుగుదామా, దాని సొమ్మే కదా అని నాన్న అంటే, "వద్దు, దాన్ని అడిగితే మళ్ల చీటీ తీయించినట్టే" అంది.

ఆపరేషన్ అయింది. కాలు నిలబడలేదు. లోపల చీము పట్టింది, మళ్ళీ మళ్ళీ కోశారు, సంక్రాంతి దాటాక మోకాలి కింద తీసేశారు.

గాజులూ పోయాయి, కాలూ పోయింది. నాయనమ్మ ఒక్కసారే అంది, స్వామి ఉంచు అన్నడు, ఇనకపోతిమి అని. నేను నోరు తెరిచి చీటీ సంగతి చెప్పబోతే అమ్మ కళ్ళతోనే వద్దంది. ముసలావిడ నమ్మకం ఎందుకు చెడగొట్టాలి అనుకుందో, నన్ను కాపాడిందో, రెండూనేమో.

తర్వాత చిన్నాయనకి జైపూర్ కాలు పెట్టారు. వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ వచ్చింది, గల్లీ మొదట్లోనే. పసుపు రంగు బోర్డు, రాత్రి తొమ్మిది దాటితే రేటు తక్కువని జనం లైను కట్టేవాళ్ళు. ఆటో కంటే నయంగానే నడిచింది, సెల్ ఫోన్లు వచ్చే దాకా. తాగడం పూర్తిగా మానలేదు, తగ్గింది. కాలు పోయింది కాబట్టే బూత్ వచ్చింది, చూశావా దేవుడి లీల అని కాంపౌండులో అందరూ అనేవాళ్ళు. అమ్మ ఆ మాట ఒక్కసారీ అనలేదు, ఎవరైనా అంటే లేచి లోపలికి వెళ్ళిపోయేది. ప్రతి బతుకమ్మకీ చిట్టికి గాజులు కొనేది, మట్టి గాజులే, రెండు డజన్లు.

చిట్టి డిగ్రీ చదివింది, ఉద్యోగం వచ్చింది, 2006లో పెళ్ళి. పెళ్ళికి నాలుగు రోజుల ముందు అమ్మ ఆ డబ్బా తీసింది. నానూ, కమ్మలూ, వాటితో పాటు రెండు గాజులు, కొత్తవి. పదమూడేళ్ళు ఇంటి ఖర్చులోంచి మిగిల్చి చేయించింది, నాన్నకి కూడా చేయించాకే తెలిసింది. చిట్టికి అంతకు ముందే అన్నీ చెప్పేసిందట, ఇంటర్ లో ఉన్నప్పుడే. మిగిలింది చిన్నాయనకి చెప్పడం. ఆయన బూత్ మూసి వచ్చి మంచం మీద కూర్చుని కాలు విప్పుకుంటున్నాడు. అమ్మ మూట ముందు పెట్టి, చిన్నమ్మ మాట దగ్గర్నుంచి చిట్టీ ఎత్తినం అన్న అబద్ధం దాకా మొత్తం చెప్పింది. నీ దగ్గర ఇన్నేండ్లు దాచిన, తప్పయితే అను అంది.

ఆయన మూట ముట్టుకోలేదు. ఎర్ర గుడ్డ గుర్తుపట్టినట్టున్నాడు, దాని వంకే చూస్తూ, "నాకెర్కే వదినె" అన్నాడు.

"పోయే ముందు రాత్రి చెప్పింది. బిడ్డవి అక్క తాన ఉన్నయి, నువ్వు అడిగితె అక్క కాదనలేదు, గందుకే అడగకు అన్నది. నా జీవితంల మీ చెల్లె మాట విన్నది గదొక్కటే. దవాఖానల గూడ అడగొద్దనే వన్నుకున్న. మీరు రాడ్డు తెచ్చిన్నాడే నాకు సమజైంది అవెక్కడివో."

ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. చిట్టి వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఆయన కాలు పట్టీలు మళ్ళీ బిగించుకోవడం మొదలుపెట్టాడు, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా.

అక్కణ్ణుంచి బయటికొచ్చి అమ్మ గుడి వైపు తిరిగింది. రాత్రి పది దాటింది, తలుపులు మూసేశారు. చెప్పులు రోడ్డు మీదే విడిచి, మూసిన తలుపుల ముందు నిలబడింది. బస్సులు పోతున్నాయి, పూల కొట్టువాడు మిగిలిన మల్లెపూలు తడిగుడ్డలో చుట్టుకుంటున్నాడు. చాలాసేపు అలాగే ఉంది. ఏం మొక్కుకున్నావమ్మా అని అడిగా.

"ఏం మొక్కలే. ఊకెనే నిలవడ్డ" అంది, చెప్పులు వేసుకుంటూ.